ఏ కప్పు ముందు?

1977 నవంబరు 19వ తేదీ, శనివారము. ఆనాడు కృష్ణాజిల్లా దివిసీమను తాకిన తుపానుతో సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి గ్రామములకు గ్రామములనే ఊడ్చివేసెను. కనీసము 10,000 మంది మరణించిరని అంచనా. మరునాడు ఆదివారము. ఆరాధనకు కూడవలసిన దినమున బ్రతికినవారు తమవారి శవములను వెదకుకొనవలసి వచ్చెను.

అట్టి నాశనము తరువాత ప్రతి సంఘము ఎదుటను ఒక ప్రశ్న నిలుచును. చేతికందిన మొదటి ఇటుకలతో దేనిని కట్టవలెను? కూలిన మందిరమునా, కొట్టుకొనిపోయిన గుడిసెనా?

మందిరమే ముందనువారు హగ్గయి ప్రవక్తను సాక్షిగా చూపుదురు. దేవుని మందిరము పాడైయుండగా తమ ఇండ్ల పని చూచుకొనుచున్న జనులను ఆయన గద్దించిన మాట నిజమే. అయితే ఆ జనులు ఎవరు? చెరనుండి తిరిగివచ్చి ఏండ్లు గడచి, సరంబీ వేసిన ఇండ్లలో స్థిరపడినవారు. తలదాచుకొన తాటాకైనను లేక, తడిసిన బిడ్డను రొమ్మున కదుముకొన్న తల్లిమీద ఆ గద్దింపును మోపుట న్యాయమగునా? పైగా ఆ జనులే తిరిగివచ్చిన తొలి దినములలో, మందిరపు పునాది వేయకమునుపే బలిపీఠమును నిలిపి ఆరాధించిరని ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయము తెలుపుచున్నది. గోడలు ఆలస్యమైనను ఆరాధన ఆగనక్కరలేదు. చెట్టునీడ చాలును.

అయినను ప్రశ్న ఇంతటితో తీరదు. ఇల్లు పోయినవారే వచ్చి, మందిరమును ముందు నిలుపుదమని కోరినయెడల ఏమందుము? తమ బిడ్డలు బాప్తిస్మము పొందినదియు, తమ వివాహములు జరిగినదియు అక్కడనే. కలిసి కన్నీరు విడుచుటకు వారికొక చోటు కావలెను. వారు తెచ్చిన పిడికెడు బియ్యమును త్రోసివేయు అధికారము ఎవరికున్నది? బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు తక్కువగా ఎంచలేదు.

కాని మార్కు సువార్త 12వ అధ్యాయములో ఆ విధవరాలి వృత్తాంతమునకు ముందే, విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగు శాస్త్రులనుగూర్చిన హెచ్చరిక కలదు. ఈ రెండింటిని కలిపి చదువవలెను. విధవరాలు తానై ఇచ్చుట వేరు, ఇమ్మని ఆమెను నిర్బంధించుట వేరు. ఆమె ఇచ్చినది అర్పణ; ఆమెనుండి పిండినది దోపిడి. ఇల్లు లేనివాని పేరట చందా చీటీ వ్రాయు సంఘము రెండవదానికి చేరువలో నున్నది. ఆ భారమును మోయవలసినవి తుపాను తాకని దూరపు సంఘములు. వారు చేయి బిగించినందుననే మందిరమా, గుడిసెయా అని బీదవాడు ఏరుకొనవలసి వచ్చుచున్నది.

మందిరము ఎవరికొరకో ధనుష్కోటి తెలుపగలదు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి రామేశ్వరము దీవి కొననున్న ఆ పట్టణమును తుపాను ముంచెను. పిమ్మట అది నివాసయోగ్యము కాదని ప్రభుత్వము ప్రకటించెను. అచ్చటి క్రైస్తవ దేవాలయపు మొండిగోడలు నేటికిని ఇసుకలో నిలిచియున్నవి. యాత్రికులు చూచి పోవుచున్నారు. ఊరు మరల లేవలేదు గనుక దేవాలయమును లేవలేదు.

కాబట్టి ఊరితోపాటు లేచిన మందిరమే నిజముగా లేచిన మందిరము. దివిసీమ ఉప్పెన తరువాతి సంవత్సరములలో కోస్తా తీరమున తుపాను రక్షణ భవనములు అనేకము కట్టబడినవి. తిరిగి కట్టు మందిరమును కూడ గట్టి కప్పుతో, మెరక నేలమీద కట్టి, మరల గాలి లేచిన రాత్రి కులమతభేదము లేక ఊరంతటికిని తలుపు తెరచినయెడల, ఆ ఇటుకలు గుడిసెవాసికి కూడ చెందినవే యగును.

గాలివాన వెలిసిన పిమ్మట సంఘపెద్దలు పుస్తకము తెరచి మొదట వ్రాయవలసినది ఊరిలో కప్పులేని ఇండ్ల లెక్క. మందిరపు కొలతలు రెండవ పుటలో వ్రాసికొనవచ్చును. ఆ మొదటి పుటను చూచి దేవుడు తన మందిరము ఆలస్యమైనదని కోపించునా?