ఫలం అడగని నోము

ఆషాఢం రాగానే బెజవాడలో కల్యాణ మండపాలు బోసిపోతాయి. కొత్త కోడళ్లు పుట్టింటికి చేరతారు. ఇంద్రకీలాద్రి మీద మాత్రం సందడి తగ్గదు. నెల పొడుగునా భక్త బృందాలు దుర్గమ్మకు సారె తెస్తూనే ఉంటాయి, పున్నమి దగ్గర పడేసరికి శాకంబరి ఉత్సవాలు మొదలవుతాయి. అదే నెలలో కొండ కింద ఇళ్లలో ఇంకో ఆచారం జరుగుతుంది. దానికి తిథి లేదు, సంకల్పం లేదు, మంత్రం లేదు, పురోహితుడికి ఇవ్వాల్సిన తాంబూలమూ లేదు. కంచె మీది ఆకు దూసుకొచ్చి, రుబ్బి, పిల్లల గోళ్లకు టోపీలు తొడిగి, అరచేతిలో చందమామను పెట్టడమే దాని తంతు అంతా. గోరింటాకును మతాచారం అనాలా, ఆట అనాలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, పూజకు ఫలం ఉండి తీరాలా అన్న పెద్ద ప్రశ్న దాని వెనకే ఉంది. నా మటుకు, అది ఆట కాబట్టే ఆచారంగా నిలిచింది. దానికి మనం తగిలించిన ఫలాలను విప్పేస్తే పిల్లలకు మరింత పనికొస్తుంది, మరింత క్షేమంగానూ ఉంటుంది.

తగిలించిన ఫలాల్లో మొదటిది అందరికీ తెలిసిందే: ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడు. ముచ్చటకు అనే మాటే, కాదనను. కానీ ఏడేళ్ల పిల్ల పొద్దున్నే లేచి, ఎండిన పిడచలు రాల్చుకుని, అక్క చెయ్యీ తన చెయ్యీ పక్కపక్కన పెట్టి చూసుకునేటప్పుడు ఆ మాట ముచ్చటగా ఉండదు. ఎరుపుకు కారణాలు వేరు. ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఆకు నలిగి చింతపండు పులుపు తగిలితే అది బయటికొచ్చి, చర్మం పైపొరలోనూ గోటిలోనూ ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. అరచేతిలో ఆ పొర మందం కాబట్టి అక్కడ బాగా పండుతుంది, చేతి వెనక వెలవెలబోతుంది. ఆకు ముదురా లేతా, ముద్ద ఎంతసేపు ఉంచారు, చేతులు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా అన్నవే మిగతాదంతా తేలుస్తాయి. ఇందులో పిల్ల గుణానికీ రాతకూ చోటు లేదు.

రెండో ఫలం ఆరోగ్యం. ఈ రోజుల్లో ప్రతి ఆచారానికీ ఒక శాస్త్రీయ కారణం అంటగడితే తప్ప మనకు తృప్తి ఉండటం లేదు: గోరింటాకు ఒంట్లో వేడి తీస్తుందట, వానాకాలపు రోగాలను ఆపుతుందట. వీటికంటే నమ్మదగిన మాట పొలం వాళ్లది. కాలవలకు నీళ్లు వదిలాక నారుమళ్లు, ఆ వెంటనే నాట్లు. రోజంతా బురదలో నానే వేళ్లకు, గోళ్లకు ఇది కాపు అని కృష్ణా డెల్టా ఆడవాళ్లు అంటారు. ఆచారం అలా పుట్టి ఉంటే ఉండవచ్చు. అయినా నాటు వేయని, బురద ఎరగని బెజవాడ పటమట పిల్ల ఈనాడు గోరింటాకు ఎందుకు పెట్టుకోవాలో ఆ కారణం చెప్పదు. ఆరోగ్యమే అసలు సంగతి అయితే అంతకంటే మంచి మందు దొరికిన రోజున ఆచారాన్ని వదిలేయాలి. అలా ఎవరూ వదల్లేదు. అంటే జనం దాన్ని పట్టుకున్నది మందు కోసం కాదన్నమాట.

ఫలం తీసేస్తే మిగిలేది ఆటేగా, దాన్ని భక్తి అని ఎలా అంటారు అని అడగవచ్చు. మన సంప్రదాయమే దీనికి జవాబు ఇచ్చింది. బ్రహ్మసూత్రాలు సృష్టికి కారణం వెతుకుతూ, లోటు లేని ఈశ్వరుడికి ప్రయోజనం ఏముంటుంది, అది లీల అని తేల్చాయి. శంకరులు తన భాష్యంలో, కోరికలన్నీ తీరిన రాజు ఊరికే విహరించడాన్నీ, మనం తీసే ఊపిరినీ ఉదాహరణలుగా చూపారు. ప్రయోజనం లేనిది పనికిమాలినదన్న సూత్రాన్ని అద్వైతమే ఒప్పుకోలేదు. ఇంత ఎత్తుకు వెళ్లనక్కర్లేదు కూడా. అట్లతద్దినే చూడండి: ముందురోజు గోరింటాకు, తెల్లవారుజామున చద్దన్నం, ఆపైన ఉయ్యాల. మొగుడి ఫలం ఈ నోముకూ చెప్పారు, నిజమే. కానీ ఆ నోములో పిల్లలు గుర్తుపెట్టుకునేది ఉయ్యాలనే. శాకంబరి రోజుల్లో అమ్మవారికి వంకాయలు, బెండకాయలు దండలు కట్టి అలంకరిస్తారు. తర్వాత ఆ కూరగాయలే వండి ప్రసాదంగా పంచుతారు. దసరాల్లో అదే అమ్మవారు ఒకరోజు బాలాత్రిపురసుందరిగా, చిన్నపిల్లగా దర్శనమిస్తుంది. చిన్నపిల్లను సింగారించడం పూజలో భాగమని ఒప్పుకున్న ఊరిలో, ఇంట్లో పిల్ల గోళ్లను సింగారించడానికి వేరే సమర్థన వెతకడం నాకు వింతగా తోస్తుంది. పైగా రెండు చేతులకూ పెట్టుకున్న పిల్ల ఆ రాత్రి ఏ పనీ చేయలేదు. జుట్టు మొహాన పడినా ఎవరో తీయాలి, అన్నం ఎవరో ముద్దలు చేసి నోట్లో పెట్టాలి. కర్మకు సాధనమైన చేతులే కొన్ని గంటలపాటు కర్మ మానేస్తాయి. పిల్లలకు ఇంతకంటే తేలికగా అందే నివృత్తి పాఠం ఇంకోటి ఉందా?

బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: అలంకారం అహంకారాన్ని పెంచుతుందని. డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. కొన్ని సంఘాల వాళ్లు నగలూ సింగారమూ మానుకుంటారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకూడదు. వాళ్లు ఆధారంగా తీసుకునే పేతురు, పౌలు పత్రికల్లో పేరుపెట్టి చెప్పిన వాటిలో బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు ఉన్నాయి. లేనివాళ్ల ముందు ఉన్నవాళ్ల ప్రదర్శన మీద ఆ అభ్యంతరం. కాలవగట్టు మీద దూసుకొచ్చిన ఆకుతో ఎవరి కలిమీ బయటపడదు. రైతు కూతురి వేళ్లు, కూలి కూతురి వేళ్లు ఒకే తీరున పండుతాయి. ముస్లింల సంగతి ఇంకా ఆసక్తికరం. రంజాన్ పండుగ ముందు రాత్రి బెజవాడ వన్ టౌన్ ఇళ్లలో మెహందీ ఉంటుంది, నెయిల్ పాలిష్ దగ్గర మాత్రం తడబాటు ఉంటుంది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూలో నీళ్లు గోటిని తాకాలి. పాలిష్ పొరలా కప్పేస్తుంది, గోరింటాకు గోటిలోకి ఇంకుతుంది. నమాజు చేసుకునేవాళ్లు ఎప్పుడో గమనించిన ఈ తేడా క్షేమం విషయంలోనూ అక్కరకొస్తుంది.

ఎందుకంటే పిల్లలకు హాని జరిగేది ఆకు దగ్గర కాదు, ఫలం కోసం తొందరపడే చోట. గంటలో నల్లగా పండాలన్న ఆశే ‘బ్లాక్ మెహందీ’ని తెచ్చింది. దానికి నలుపు వచ్చేది పారాఫినైలిన్ డయామిన్ నుంచి. జుట్టు రంగుల్లో వాడే ఈ రసాయనాన్ని చర్మానికి పూయడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు. పడని పిల్లలకు బొబ్బలెక్కి మచ్చలు పడతాయి. ఆ ఎలర్జీ జీవితమంతా వెంటాడవచ్చు. గోళ్ల రంగుల్లో ద్రావకాలుంటాయి, వాటిని చెరిపే అసిటోన్‌కు పొయ్యి దగ్గర ఇట్టే నిప్పంటుకుంటుంది. అచ్చమైన ఆకుకూ ఒక మినహాయింపు ఉంది: జీ6పీడీ లోపం ఉన్న పిల్లల్లో, ముఖ్యంగా పసికందుల్లో, లాసోన్ ఎర్ర రక్తకణాలను పగలగొట్టవచ్చు. కాబట్టి ఆ లోపం ఉన్న ఇంట్లో, పాలు తాగే పిల్లలకు, ఎంత ఆషాఢమైనా పెట్టకూడదు. ఎర్రగా పండటమే పుణ్యమనుకునే ఇల్లు కోన్‌లో ఏముందో అడగదు. పండటం మీద పట్టింపు లేని ఇంటికి తొందరా ఉండదు.

పాత పద్ధతిలో సృజనకు చోటేదీ, చందమామా టోపీలేగా అనేవాళ్లుంటారు. గోటి మధ్యలో ఒక చిన్న స్టిక్కర్ బొట్టు అంటించి దాని మీంచి ముద్ద పెట్టమనండి. పొద్దున బొట్టు ఊడదీస్తే ఎర్రటి గోటిలో తెల్లటి చుక్క మిగులుతుంది. గోటికి దారం చుట్టి పెడితే చారలు పడతాయి. చీపురుపుల్ల మొనతో అయిదేళ్ల పిల్లలూ చుక్కలు పెట్టగలరు, వంకరపోతే పోనీ. ఇందులో పెద్దవాళ్ల పని రుబ్బిపెట్టడం, నోట్లోకీ కళ్లలోకీ పోకుండా చూసుకోవడం, అంతే. ఏ బొమ్మ పెట్టుకోవాలో పిల్లలే తేల్చుకోవాలి. ఫొటో కోసం తల్లి దిద్దిన నెమలి కంటే అది మేలు. మగపిల్లలకెందుకు అని ఈ ప్రాంతంలో ఎవరైనా అడిగితే మొవ్వ పక్కనున్న కూచిపూడిని చూపిస్తే చాలు. సిద్ధేంద్రుడి భామాకలాపం తరాలపాటు మగవాళ్లదే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగా వేళ్లకు ఎరుపు పూసుకుని రంగం మీదికొస్తే ఆ చేతులకు వంక పెట్టినవాడు లేడు.

ఇక బడులు. మెహందీ, నెయిల్ పాలిష్ రెండూ నిషిద్ధమని ఒకే వాక్యంలో రాసే బడులకు చెప్పాల్సింది ఒకటుంది. పాలిష్ అయితే ఒక్క రాత్రిలో చెరిపేయవచ్చు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి ఆషాఢంలో పండిన గోరు మొదలు నుంచి తెల్లబడుతూ వచ్చి పూర్తిగా కత్తిరించే వేళకు కార్తీకం దాటుతుంది. జరిమానా కట్టినా చెరపలేని తప్పుకు జరిమానా వేసి లాభం లేదు. నిబంధన పాలిష్‌కు పెట్టుకోండి, గోరింటాకును అందులోంచి తీసేయండి.