కుండీలో మొక్క కూడా సదఖాయే

 

ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తనం చల్లినా, దాని నుండి మనిషి, పశువు, పక్షి ఏది తిన్నా అది నాటినవారికి సదఖా అవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. ఇందులో ఎన్ని ఎకరాలు ఉండాలన్న షరతు లేదు. సహీహ్ ముస్లింలోని మరో ఉల్లేఖనం ప్రకారం ఆయన (స) ఇదే శుభవార్తను ఉమ్మె ముబష్షిర్ (రజి) అనే అన్సారీ మహిళకు ఆమె ఖర్జూర తోటలోనే వినిపించారు. కాబట్టి ఈ పుణ్యంలో స్త్రీలకూ పూర్తి వాటా ఉంది.

అయినా ఈ హదీసు వినగానే ఇది పొలం ఉన్నవారి కోసం చెప్పిన మాట అనుకుంటాం. నెల్లూరులో వెంకటేశ్వరపురం, అల్లీపురం టిడ్కో ఇళ్లకు చేరిన కుటుంబాలకు అలా అనిపించడం సహజం. టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులవి. కింది అంతస్తు, దానిపై మరో మూడు. పాత వీధిలో అద్దె ఇల్లే అయినా వాకిట్లో గోరింటాకు చెట్టో, కరివేపాకు మొక్కో ఉండేది. ఇప్పుడు సొంత గూడు దొరికింది, కాళ్ల కింద మట్టి పోయింది. ఈ బాధ నిజమే. కానీ పుణ్యం తలుపు మూసుకోలేదు. చేతిలో చిన్న మొక్క ఉండగా ప్రళయం వచ్చిపడినా, వీలైతే దాన్ని నాటమని ప్రవక్త (స) ఆదేశించారు (ముస్నద్ అహ్మద్). ప్రళయ ఘడియలోనే మినహాయింపు లేనప్పుడు మూడో అంతస్తుకు మినహాయింపు ఎక్కడిది?

ఏం చేయగలం?

పాత బకెట్టు, నూనె డబ్బా, బియ్యం సంచి ఏదైనా చాలు. అడుగున రంధ్రాలు చేసి, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. పుదీన కాడ గుచ్చితే నాటుకుంటుంది. ధనియాలను రెండుగా నలిపి చల్లితే కొత్తిమీర వస్తుంది. మెంతికూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. కొత్తిమీర, మెంతి చల్లని నెలల్లో బాగా పెరుగుతాయి. ఎండాకాలంలో తోటకూర, గోంగూర, బచ్చలి తట్టుకుంటాయి. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోయండి. వజూ చేసిన నీరు మళ్లీ వజూకు పనికిరాదు గానీ మొక్కకు నిస్సందేహంగా పనికొస్తుంది. ఒక గిన్నెలో పట్టి ఉంచితే నీటి వృథా కూడా తప్పుతుంది.

పొరుగువారి హక్కు

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పై ఇంటి కుండీ నీళ్లు కింది ఇంటివారు ఆరేసిన బట్టల మీద పడతాయి. మెట్ల మీద డబ్బాలు పెడితే వృద్ధులకు దారి ఉండదు. ఇలాంటి తగవులు మా ముందుకూ వస్తుంటాయి. నమాజులు, ఉపవాసాలు, దానధర్మాలు ఎన్నో చేసే ఒక స్త్రీ తన నోటితో పొరుగువారిని బాధిస్తోందని చెప్పగా, ఆమె నరకవాసి అన్నారు దైవప్రవక్త (స). అదనపు ఆరాధనలు తక్కువైనా, జున్ను ముక్కలు దానం చేస్తూ పొరుగువారిని బాధించని స్త్రీని స్వర్గవాసి అన్నారు. మరి మన పచ్చదనం పొరుగింటికి కష్టమైతే అది సదఖా ఎలా అవుతుంది?

అందుకే కుండీ కింద పళ్లెం పెట్టండి. అందులో నీరు నిలవనివ్వకండి, వారంలో డెంగీ దోమలు తయారవుతాయి. పిట్టగోడ మీద కుండీలు వద్దు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన తీరానికి తుఫానుల కాలం, గాలికి జారిపడే కుండీ ప్రాణం తీయగలదు. డాబా బ్లాకులోని అందరిదీ. అందరి అనుమతి లేకుండా, తడి మట్టి బరువును కప్పు మోయగలదా అని ఇంజనీరును అడగకుండా అక్కడ మడులు కట్టకూడదు. ఇక బ్లాకు ముందున్న ఉమ్మడి జాగాలో మొక్కల పేరుతో కంచె వేసుకునేవారు ఒక హదీసు గుర్తుంచుకోవాలి. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయ దినాన ఏడు భూముల భారం చుట్టబడుతుంది.

ఉమ్మడి జాగాను ఉమ్మడిగానే పెంచుకోవచ్చు. సింగపూర్‌లో ఎక్కువమంది ప్రభుత్వం కట్టించిన అంతస్తుల ఇళ్లలోనే ఉంటారు. అక్కడ 2005లో మొదలైన కార్యక్రమం కింద నివాసులు గుంపులుగా కలిసి తోటలు పెంచుతున్నారు. మన బ్లాకులోనూ ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ అందరి పేరున నాటి, నీళ్ల వంతులు వేసుకోవచ్చు. అందులో ముస్లిం, హిందువు, క్రైస్తవుడు అనే తేడా ఉండకూడదు. పొరుగువాడి హక్కు ప్రతి పొరుగువాడికీ ఉంది.

కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంపమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి బోధించారు. గుప్పెడు పుదీన కోసినప్పుడు నాలుగు రెబ్బలు పక్కింటి తలుపు దగ్గరికి చేర్చండి. పిల్లల చేతికిచ్చి పంపండి, వారికీ అలవాటవుతుంది.

మన ఇరుకు ఇళ్లలో అల్లాహ్ శుభాన్ని ప్రసాదించుగాక! మన చేతి మొక్కను మనకు సదఖాగా స్వీకరించుగాక! మన వల్ల ఏ పొరుగువారికీ బాధ కలగకుండా కాపాడుగాక! ఆమీన్.