అరుగుదల ఎవరిది?

పాత వస్తువును బాగుచేయించుకోవడం కేవలం పొదుపుకు సంబంధించిన విషయంగానే లోకంలో చెల్లుబాటవుతున్నది. కొత్తది కొనే శక్తి లేనివాడు బాగుచేయించుకుంటాడు, శక్తి ఉన్నవాడు కొనుక్కుంటాడు. కాని ఏ భాగాన్ని తీసివేయాలి, దేనిని ఉంచాలి, ఎప్పుడు మార్చాలి అనే ప్రశ్నలు వచ్చేసరికి అది డబ్బు లెక్కతో తెగే వ్యవహారం కాకుండా పోతుంది. దీనిని పరిశీలించడానికి గొప్ప యంత్రాలేవీ అవసరం లేదు. కొండదారులలో తొక్కడానికి తయారైన పాత గేర్ల సైకిలు, మౌంటెన్ బైకు అని అందరూ పిలిచేది, చాలు.

ఈ సైకిలు పుట్టుకే మరమ్మతులో ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మరిన్ కౌంటీలో టామల్‌పైస్ అనే కొండ ఉన్నది. 1970లలో అక్కడి యువకులు కొందరు అంతకు మూడు నాలుగు దశాబ్దాల క్రితం నాటి బరువైన ష్విన్ సైకిళ్లను పాత సామానులో నుండి ఏరి తెచ్చి, వాటికి గేర్లు, మోటారు సైకిలు బ్రేకు పిడులు అమర్చి కొండ దిగేవారు. 1976లో మొదలైన వారి పందేనికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది. ఒక్కసారి కొండ దిగేసరికి వెనుక చక్రపు బ్రేకులోని గ్రీజు కాలి పొగయ్యేది. మళ్లీ కూరితే తప్ప ఆ బండి పనికివచ్చేది కాదు. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా చట్రం నిర్మించాడు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ ‘స్టంప్‌జంపర్’ను విపణిలోకి తెచ్చింది. అంటే, ఎవరో వద్దని పారవేసిన వాటికి భాగాలు మార్చి మార్చి తొక్కిన సైకిళ్లే ఈ జాతికి మూలపురుషులు. వీటిలో ‘అసలు’ సైకిలు ఏదని వెదకబోయేవాడికి ఆదిలోనే చిక్కు.

కాలి బలాన్ని చక్రానికి చేర్చే వరుస అందులో ఒకటున్నది: పెడళ్లు, వాటితో తిరిగే ముందరి పళ్లచక్రాలు, చైను, వెనుక ఇరుసు మీద చిన్నవి పెద్దవి వరుసగా పేర్చిన పళ్లచక్రాలు. వీటిలో సాధారణంగా ముందు అరిగేది చైను. ‘చైను సాగింది’ అని వాడుకలో అంటాము గాని, ఉక్కు పలకలు సాగవు. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైను నాటి నుండి నేటి వరకు సూత్రం ఒక్కటే: ప్రతి కీలులోను ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే అంచు. దుమ్ము, నూనె కలిసి సానపట్టే ముద్దగా మారి ఆ రెండింటినీ లోలోపల తినివేస్తాయి. ఒక పిన్ను నుండి మరో పిన్నుకు దూరం అర అంగుళం. అలాంటివి 24 కలిస్తే సరిగ్గా 12 అంగుళాలు. ఆ కొలత మీద అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను మార్చవలసిన సమయం వచ్చినట్లు. ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చిందంటే వెనుక పళ్లచక్రాలకు కూడా కాలం చెల్లినట్లే. ఈ రెండు స్థితుల మధ్య ఒక్కొక్క కీలులో వచ్చే తేడా మిల్లీమీటరులో పదిహేనో వంతు మాత్రమే.

దూరం పెరిగిన చైను పళ్ల మొదట్లో కూర్చోక, కొంచెం పైకెక్కి లాగుతుంది. ఆ లాగుడుకు పళ్లు ఒక పక్కకు అరిగి కొక్కెం ఆకారం దాలుస్తాయి. చైనూ పాడయింది, పళ్లూ పాడయినవి. అయినా రెండూ కలిసి సాఫీగా తిరుగుతూనే ఉంటాయి. ఒకదాని లోపానికి మరొకటి ఒదిగిపోయింది. ఇప్పుడు యజమాని శ్రద్ధ వహించి కొత్త చైను వేయిస్తాడు. మొదటి ఎత్తులోనే, పెడళ్ల మీద లేచి నిలబడి బలమంతా వేసిన క్షణాన, చైను పళ్ల మీది నుండి జారుతుంది. కాలు శూన్యంలోకి పోతుంది, మనిషి పడతాడు. నిన్నటి వరకు పాత చైనుతో ఈ ప్రమాదం లేదు. కొలత ప్రకారం నిర్దుష్టమైన వస్తువు వచ్చి చేరిన తరువాతనే అది వచ్చింది.

దోషం ఎవరిది? కొత్త చైనుదే అని చాలామంది దానిని దుకాణానికి తిరిగి తీసుకుపోతారు. వైశేషికులు సంయోగాన్ని ఒక గుణంగా అంగీకరించి, అది ఒక ద్రవ్యంలో కాక కలిసిన రెండింటిలోను ఉంటుందన్నారు. అరుగుదలను కూడా అలాగే చూడవలసి ఉంటుందని నాకు తోస్తుంది. పంటిని విడిగా పట్టుకుని ‘ఇది చెడ్డది’ అనడం సగం మాటే అవుతుంది. అది ఏ చైనుతో చెడ్డది, ఏ చైనుతో మంచిది అని కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి కొన్ని అలవాట్లకు ఒదిగిన కార్యాలయానికి నిబంధన తప్పని కొత్త ఉద్యోగి వచ్చి, పని జారిపోతే, అతనినే బదిలీ చేయడం మనం ఎరుగనిది కాదు. ఈ పోలికను ఇంతకన్న లాగను. మనుషులకు మారే శక్తి ఉన్నది, పళ్లచక్రానికి లేదు.

భాగాలు మారిన వస్తువు పాతదేనా అన్న చర్చ మన దేశంలో పాతదే. మిళిందునితో నాగసేన భిక్షువు ఇరుసు రథం కాదని, చక్రాలు రథం కావని, రథమన్నది వ్యవహారం కోసం పెట్టుకున్న పేరని ఒప్పించాడు. న్యాయ వైశేషికులకు అవయవి అవయవాల కన్న వేరైన పదార్థం. కనుక వస్త్రంలో నుండి ఒక దారం తీసివేస్తే పాత వస్త్రం నశించి మరొకటి పుడుతుందని వారు చెప్పక తప్పలేదు. ఈ రెండు మతాలలో నాకు నాగసేనుని వైపే మొగ్గు. అయితే భాగాలను ఒకటొకటిగా లెక్కించే పద్ధతిలో, అవి ఒకదానినొకటి మలచుకున్న చరిత్ర లెక్కకు రాదు.

గ్రీకుల వద్ద ఇదే ప్రశ్న థీసియస్ ఓడగా ప్రసిద్ధి. ప్లూటార్కు చెప్పిన ఆ కథకు థామస్ హాబ్స్ 1655లో ఒక మెలిక పెట్టాడు: తీసివేసిన పాత పలకలన్నిటినీ ఎవడో దాచి, వాటితోనే మరో ఓడ కడితే అసలు ఓడ ఏది? సైకిలు ఇందుకు వింతగా బదులిస్తుంది. తీసివేసిన పాత చైనును, పాత పళ్లచక్రాలను కలిపి మరో చట్రానికి బిగిస్తే అవి మునుపటిలాగే తిరుగుతాయి. కొత్తవి రెండూ కలిపినా తిరుగుతాయి. కలగలిపితేనే జారుతాయి. అసలుది ఏదన్నది ఇంకా తేలదు గాని, ఏది దేనితో ఉండాలన్నది తేలుతుంది. తొక్కేవాడి మోకాలికి, పంటికి కావలసింది ఈ రెండవదే.

ఈ విషయంలో నిజాయితీ గల మార్గాలు రెండే కనబడుతున్నవి. అప్పుడప్పుడు కొలబద్ద పెట్టి చూసి, పదహారో వంతు దగ్గరే చైను మార్చేయడం ఒకటి. అలా చేస్తే ఒకే పళ్లచక్రాల వరుస అనేక చైనులకు సరిపోతుంది. ఏమీ మార్చకుండా అన్నిటినీ కలిసి అరగనిచ్చి, చివరకు అన్నిటినీ ఒకేసారి మార్చడం రెండవది. విడిభాగాలు దొరకని చోట ఉన్నవాడు రెండవ మార్గం పడితే అతనిని అశ్రద్ధాపరుడని నేననను. తప్పుదారి ఈ రెంటి నడుమ ఉన్నది: చాలా కాలం పట్టించుకోక, చివరకు అన్నిటికన్న చవకైన భాగం ఒక్కటి మార్చి ఊరుకోవడం. అమ్మదలచిన సైకిలుకు అరిగిన పళ్ల మీద మెరిసే చైను వేసి చూపించేవాడు మరింత గడుసువాడు. అతను అబద్ధమాడలేదు, చైను నిజంగా కొత్తదే. కాని కొనేవాడు ఆ మెరుపును చూసి బండి మొత్తం మీద నమ్మకం పెట్టుకుంటాడు, మొదటి ఎత్తులో దాని ఫలితం అనుభవిస్తాడు. నిజమైన వస్తువుతో చేసిన మోసానికి మన నీతిశాస్త్రంలో ఏ పేరు పెట్టాలో ఆలోచించవలసిందే.

మన ఊళ్లలోని గేర్లు లేని సైకిళ్లకు మరో పద్ధతి ఉన్నది. చైను వదులై ఊడిపోతుంటే పనివాడు ఒక లింకు తీసి బిగిస్తాడు. వదులు పోతుంది. పిన్నుల మధ్య పెరిగిన దూరం మాత్రం అట్లాగే ఉంటుంది. ఒకే పళ్లచక్రం మీద, ఎక్కువ పళ్లను చుట్టుకుని నడిచే ఆ చైనుకు ఇది చాలాకాలం చెల్లుతుంది. వెనుక పదకొండో పన్నెండో పళ్లున్న చిన్న చక్రం మీద చెల్లదు. పద్ధతి తప్పు కాదు, దానికి హద్దున్నది.

ఇక తయారీదారు బాధ్యత. 1951లో సోనీపత్‌లో స్థాపితమైన అట్లాస్ సంస్థ తన సాహిబాబాద్ కర్మాగారాన్ని 2020 జూన్‌లో మూసివేసింది. దానివల్ల అట్లాస్ సైకిలున్నవాడికి చైను కరవు కాలేదు. సాధారణ సైకిళ్ల కొలతలు ఏ ఒక్క సంస్థ సొత్తూ కావు. గేర్ల సైకిళ్లలో ఈ ఉమ్మడితనం సన్నగిల్లింది. ఏడు గేర్లు ఎనిమిదయినవి, తొమ్మిదయినవి, నేడు పన్నెండు దాటినవి. ఒక తరానికి చేసిన భాగం తరచు మరో తరానికి ఇమడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో సంఘాన్ని నియమించి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, మోటారు వాహనాలు ఆ పరిశీలనలో ఉన్నవి. సైకిలు విడిగా కనబడదు. ఆరు, ఏడు, ఎనిమిది గేర్లకు ఒకే చైను సరిపోతుంది కనుక 1990ల నాటి ఉక్కు చట్రాలకు ఇప్పటికీ చైను దొరుకుతున్నది. కాని ఆనాటి ఫ్రీవీళ్లలో కొన్నిటిని విప్పడానికి ఆయా సంస్థల ప్రత్యేక పనిముట్టే కావాలి. అది తయారు కావడం ఆగిపోయిన చోట, పళ్లు మాత్రమే అరిగిన ఫ్రీవీలుతో పాటు, కమ్మీ ఒక్కటీ వంగని మంచి చక్రం కూడా పాత ఇనుముకు పోతున్నది.