ఇ.ఎస్.ఐ. కార్డు కూడా అమానతే

"ప్రతి నెలా నా జీతంలో కోస్తున్నారు కదా! మా తమ్ముడి భార్యను నా భార్య పేరుతో చూపిస్తే తప్పేమిటి?" అని ఒక సోదరుడు అడిగారు.

1985లో జిద్దాలోని ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను హరామ్ అనీ, పరస్పర సహకార బీమా ధర్మసమ్మతమనీ తీర్మానించింది. ఇ.ఎస్.ఐ. వ్యాపారం కాదు, 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఉమ్మడి నిధి. 2019 జూలైలో అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం వంద రూపాయల జీతానికి కార్మికుని వాటా 75 పైసలు, యజమాని వాటా 3 రూపాయల 25 పైసలు. కనుక ఆ వైద్యం పొందడానికి సందేహించనక్కరలేదు. భార్యాబిడ్డల పేర్లు, మీపై ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు వెంటనే నమోదు చేయించండి. ఆ కాస్త పనికి బద్ధకించి, వడ్డీకి అప్పు తెచ్చి ప్రైవేటు ఆసుపత్రులకు పరుగెత్తేవారిని చూస్తే మాకు జాలి కలుగుతుంది.

ఇక అసలు ప్రశ్న. ఆ నిధిలో ఏనాడూ జబ్బుపడని కార్మికుల సొమ్ము కూడా ఉంది. వారి సొమ్ము చట్టం పేర్కొన్న కుటుంబ సభ్యుల కోసమే. అబద్ధపు పేరుతో మందులు తీసుకుంటే అది పరుల సొమ్మును అధర్మంగా తినడమే అవుతుంది. దివ్య ఖుర్ఆన్ (2:188) వారించింది దీన్నే. జబ్బు లేకుండానే సర్టిఫికెట్ తెచ్చి, ఏడాదికి 91 రోజుల వరకు లభించే 70 శాతం వేతనాన్ని తీసుకోవడం కూడా ఇంతే. పైగా మరదలి జబ్బులు మీ భార్య రికార్డులో చేరితే, రేపు వైద్యుడు ఏది నమ్మి మందివ్వాలి?

మరదలి అవసరం నిజమైనదే, కాదనం. జన్ ఔషధి దుకాణాల్లో మందులు చౌకగా దొరుకుతాయి. తమ్ముడు అర్హుడైతే మీ జకాత్ అతనికే ఇవ్వవచ్చు. బంధువుకిచ్చిన దానికి రెట్టింపు పుణ్యం ఉంది.