ఒకే చోట ఇద్దరికి తావుందా?

ఒకే సమయంలో ఒకే చోట రెండు వస్తువులు ఉండగలవా అన్నది తత్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. చోటు అంటే ఏమిటో తేల్చబోయిన అరిస్టాటిల్‌కు తన భౌతికశాస్త్ర గ్రంథం నాలుగో భాగంలో ఆదిలోనే ఇది అడ్డుపడింది. చోటు కూడా ఒక వస్తువే అనుకుంటే, దానిలో ఉన్న వస్తువుతో కలిపి అక్కడ రెండు వస్తువులు ఉన్నట్టు ఒప్పుకోవాలి. అది కుదరదు కాబట్టి చోటు వస్తువు కాదన్నాడు. మన వైశేషికులు ద్రవ్యాలు తొమ్మిదని లెక్కపెట్టి, వాటిలో పృథివి, జలం, తేజస్సు, వాయువు, మనస్సు అనే ఐదింటిని మూర్తాలన్నారు. అంటే పరిమాణానికి హద్దు ఉన్నవి. ఒక మూర్తం ఉన్న చోట ఇంకో మూర్తానికి తావు లేదు. ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ మాత్రం విభువులు. అన్నిచోట్లా ఉన్నా ఒకదానికొకటి అడ్డురావు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం పట్టిన విద్యార్థికి ఈ తొమ్మిది ద్రవ్యాల లెక్క మొదటి పాఠాల్లోనే ఎదురవుతుంది.

జాన్ లాక్ తన గ్రంథం రెండో ముద్రణకు 1694లో కొత్తగా చేర్చిన అధ్యాయంలో ఈ నియమాన్నే గుర్తింపుకు పునాదిగా వాడుకున్నాడు. ఒకే జాతికి చెందిన రెండు వస్తువులు ఒకే సమయంలో ఒకే చోట ఉండలేవు. కాబట్టి చోటు, కాలం చెబితే వస్తువు ఏదో తేలిపోతుందన్నది ఆయన వాదం. లైబ్నిజ్ ఒప్పుకోలేదు. రెండు కాంతి కిరణాలు ఒకదానిలోంచి ఒకటి సాగిపోతాయి, అయినా అవి రెండే. వస్తువులను వేరుచేసేది చోటు కాదు, వాటిలోపలి తేడా అని ఆయన జవాబు. జైనులు ఇంకా ముందుకు వెళ్లారు. ఆకాశం పని చోటివ్వడమే. ఒక్క ఆకాశప్రదేశంలో ఎన్నో సూక్ష్మ పరమాణువులు ఇముడుతాయన్నారు. ఒకే గదిలో ఎన్నో దీపాలు వెలిగిస్తే వాటి వెలుగులన్నీ అక్కడే ఇమడడం లేదా అని తత్వార్థసూత్ర వ్యాఖ్యాతలు ఉదాహరణ చూపారు.

కంప్యూటర్ నెట్‌వర్కులో చోటు అంటే అంకెలే. అయినా అక్కడ కూడా ఈ ప్రశ్న అంతే పదునుతో నిలబడింది. ఒక సర్వర్‌కు ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. ఆ అడ్రస్‌పై 0 నుంచి 65535 దాకా పోర్టు నంబర్లు ఉంటాయి. బయటివాళ్ల పిలుపు కోసం ఎదురుచూసే ప్రతి ప్రోగ్రామూ వాటిలో ఒకదాన్ని పట్టుకుని కూర్చోవాలి. వెబ్‌సైట్లకు 80, 443. మెయిల్ పుచ్చుకోవడానికి 25. మెయిల్ చదువుకోవడానికి 143, 993. ఒకరు పట్టుకున్న పోర్టును ఇంకొకరు అడిగితే లైనక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, 98 అనే తప్పు సంఖ్యతో తిప్పి పంపుతుంది. ఆ అడ్రస్ అప్పటికే వాడుకలో ఉందన్నదే దాని అర్థం. ఇది అచ్చంగా వైశేషికుల మూర్త నియమం. కాకపోతే అక్కడ ప్రకృతి అడ్డుకుంటుంది, ఇక్కడ రాసిపెట్టిన కోడ్ అడ్డుకుంటుంది.

వెబ్ అప్లికేషన్, వెబ్‌మెయిల్ ఒకే సర్వర్‌పై ఉన్నప్పుడు ఈ తగువు తరచూ వస్తుంది. జింబ్రా మెయిల్ సర్వర్‌నే తీసుకుంటే, దానితోపాటు వచ్చే ఎంజినెక్స్ ప్రాక్సీ 80, 443 పోర్టులు పట్టుకుంటుంది. దాని వెనక ఉత్తరాల పెట్టెలను చూపించే జెట్టీ సర్వర్ 8080, 8443 పోర్టులు పట్టుకుంటుంది. అదే సర్వర్‌పై జావా అప్లికేషన్ కోసం టామ్‌క్యాట్ పెడితే అది ముందుగా అడిగేదీ 8080నే. మామూలు వెబ్‌సైట్ కోసం అపాచీ పెడితే అది 80 అడుగుతుంది. ఒక్క సర్వర్‌లో రెండు తగువులు.

ఎవరిది న్యాయమో కెర్నల్ అడగదు. ముందు లేచినవాడిదే పోర్టు. అందుకే ఈ తగువు చాలాకాలం బయటపడకుండా ఉండగలదు. జింబ్రా ఆగి ఉన్నప్పుడు టామ్‌క్యాట్‌ను మొదలుపెట్టినా, కరెంటు పోయి సర్వర్ తిరిగి లేచినా, సర్వీసులు లేచే వరుస మారవచ్చు. నిన్నటిదాకా బాగానే ఉన్న వెబ్‌మెయిల్ ఇవాళ తెరుచుకోదు. వినే పోర్టుల జాబితా చూపించే ఎస్ఎస్ ఆదేశం ఇస్తే, 8080 ఎదురుగా జెట్టీ ప్రాసెస్ సంఖ్య ఉండాల్సిన చోట టామ్‌క్యాట్‌ది కనిపిస్తుంది. ముందు వచ్చినవాడికే హక్కు అనే సూత్రం భూమి విషయంలో ఎన్నో శతాబ్దాలుగా వాదనకు నిలుస్తోంది. సర్వర్‌లో మాత్రం దానికి ఏ నైతిక బలమూ లేదు, ఎందుకంటే ముందు రావడం అక్కడ శ్రమ ఫలితం కాదు, యాదృచ్ఛికం.

ముందు వచ్చినవాడికి హక్కు లేకపోతే 80వ పోర్టు వెబ్‌ది ఎలా అయింది? ఐయానా అనే సంస్థ ఏ సేవకు ఏ పోర్టో చిట్టా రాస్తుంది. దూరపు సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ రాసిన టాటు యలోనెన్ 1995లో ఉత్తరం రాసి 22వ పోర్టు అడిగితే ఇచ్చింది ఆ సంస్థే. ఎఫ్‌టీపీ 21కీ టెల్‌నెట్ 23కీ నడుమ ఆ సంఖ్య అప్పటికి ఖాళీగా ఉంది. కానీ ఆ చిట్టాను కెర్నల్ చదవదు. యునిక్స్ సంప్రదాయంలో 1024కు లోపలి పోర్టులు పట్టుకోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, అంతే. ఆ అనుమతి ఉన్నవాడు 25వ పోర్టుపై వెబ్‌సైట్ పెట్టినా కెర్నల్ ఏమీ అనదు. అందరూ చిట్టాను పాటించడానికి కారణం, మిగిలినవాళ్లు పాటిస్తారన్న నమ్మకమే. వాగ్దానాలు లేకుండానే ఇలాంటి ఒడంబడికలు నిలబడతాయని డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే వివరించాడు. ఆస్తి అనేది కూడా అలాంటిదేనన్నాడు. పోర్టుల విషయంలో ఆయన మాట ఆస్తి విషయంలో కంటే సూటిగా సరిపోతుంది. పోలీసూ లేడు, కోర్టూ లేదు, అయినా బ్రౌజర్ 443 తలుపే తడుతుంది.

ఇక పరిష్కారాలు. అన్నిటికంటే సులువైనది, వెబ్ అప్లికేషన్‌ను 8081కో 9090కో జరపడం. టామ్‌క్యాట్ ఆకృతీకరణ ఫైల్‌లో ఒక్క సంఖ్య మారిస్తే చాలు. లోపలి పోర్టులకు ఇదే సరైన పద్ధతి. కానీ బయటివాళ్లు వచ్చే తలుపునే ఇలా జరిపితే భారం వాడేవాళ్ల మీద పడుతుంది. చిరునామా చివర కోలన్ పెట్టి సంఖ్య రాయాలని ప్రతి ఒక్కరికీ చెప్పాలి. చాలా ఆఫీసుల్లో, కళాశాలల్లో ఫైర్‌వాల్ 80, 443 తప్ప మిగిలినవి బయటికి పోనివ్వదు. తగువు సర్వర్ లోపలిది, దానితో ఏ సంబంధమూ లేని విద్యార్థో గుమస్తానో దాని మూల్యం చెల్లిస్తారు. సాంకేతికంగా తప్పులేని ఈ పద్ధతి న్యాయం లెక్కన బలహీనమైనది.

రెండోది, ఇంకో ఐపీ అడ్రస్ తెచ్చుకోవడం. పోర్టు ఒక్కటే చోటు కాదు, అడ్రస్, పోర్టు కలిస్తేనే చోటు. కాబట్టి ఒక అడ్రస్‌పై 443 మెయిల్‌కు, ఇంకో అడ్రస్‌పై 443 అప్లికేషన్‌కు ఇవ్వవచ్చు. షరతు ఒకటే: ఎవరూ 0.0.0.0 అని, అంటే అన్ని అడ్రస్‌లూ నావే అని, రాసుకోకూడదు. చాలా ప్రోగ్రాములు మొదట్లో అలాగే రాసుకుని వస్తాయి. సగం తగువులు నిజానికి ఈ అతి ఆశ వల్లనే పుడతాయి. అవసరమున్నంత మేరకే అడగమని సరిచేస్తే అవి మాయమవుతాయి. అయితే పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లే. ఐయానా చేతిలోని ఖాళీ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. ప్రతి తగువుకూ కొత్త చోటు కొనితెచ్చుకునే దారి ఎక్కువ దూరం పోదు.

మూడో దారి తత్వవిచారానికి అన్నిటికంటే ఆసక్తికరమైనది. 2013లో వచ్చిన లైనక్స్ 3.9 నుంచి ఒకే పోర్టును పలు ప్రాసెస్‌లు కలిసి పట్టుకునే వీలుంది. అవన్నీ ఒకే యూజర్ కింద నడవాలి, ప్రతి ఒక్కటీ ముందుగానే పంచుకోవడానికి ఒప్పుకుని ఉండాలి. అప్పుడు వచ్చిన పిలుపులను కెర్నల్ వాటి మధ్య పంచిపెడుతుంది. కానీ పంచేటప్పుడు వచ్చినవాడికి ఏం కావాలో చూడదు. రెండు వైపుల అడ్రస్‌లు, పోర్టులతో ఒక లెక్క వేసి ఏదో ఒకరికి అప్పగిస్తుంది. కాబట్టి ఒకే ప్రోగ్రాముకు చెందిన ప్రతులకే ఇది పనికొస్తుంది. మెయిల్, హాజరు పట్టిక చూపే ఒక వెబ్ అప్లికేషన్ ఇలా పంచుకుంటే, ఉత్తరం చదువుకోవడానికి వచ్చినవాడికి సగం సార్లు హాజరు పట్టిక ఎదురవుతుంది.

ఇక్కడ లాక్ నియమం తలకిందులవుతుంది. ఒకే జాతివి ఒకే చోట ఉండలేవన్నాడు ఆయన. వేరు జాతులకు, అంటే దేవుడికీ జీవాత్మకూ దేహానికీ, ఆ అడ్డు లేదన్నాడు. సర్వర్‌లో ఒకే జాతివే చోటు పంచుకోగలవు, వేరు జాతులే పంచుకోలేవు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. లాక్ అడిగింది వస్తువులు ఎన్ని అని. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు ఒకే చోట ఉంటే వాటిని రెండని లెక్కపెట్టే ఆధారం ఉండదు. సర్వర్ దగ్గరికి వచ్చినవాడికి ఎన్ని ఉన్నాయన్నది అక్కర్లేదు, తనకు కావలసింది దొరికిందా లేదా అన్నదే కావాలి. ఒకేలా ఉన్నవాటిలో ఏది దొరికినా దొరికినట్టే. లెక్కకు సంబంధించిన ప్రశ్న, వెదుకులాటకు సంబంధించిన ప్రశ్న రెండూ ఒకటి కావు. చోటు గురించిన పాత వాదాల్లో ఈ రెండూ చాలాసార్లు కలిసిపోయాయి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పోర్టుపై ఏకాధిపత్యం ఎదురుచూపుకే, మాటలాడుకోవడానికి కాదు. 443పై ఒక్క ప్రోగ్రాము వింటుండగానే వేలమందితో సంభాషణలు అదే పోర్టుపై ఒకేసారి సాగుతుంటాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు, ఎందుకంటే ప్రతి సంభాషణకూ నాలుగు గుర్తులు ఉంటాయి: ఇటు అడ్రస్, ఇటు పోర్టు, అటు అడ్రస్, అటు పోర్టు. ఎదుటివాడెవరో తెలిసిన క్షణం నుంచి చోటు ఇరుకు కాదు. లైబ్నిజ్ కిరణాలు, జైనుల దీపాల వెలుగులు ఈ దశకు సరిపోతాయి. వైశేషికుల మూర్త నియమం దానికి ముందు దశకు సరిపోతుంది.

నాలుగోది, ఎక్కువమంది అనుసరించే పద్ధతి, ముందు తలుపు దగ్గర ఒక మధ్యవర్తిని నిలబెట్టడం. దాన్ని రివర్స్ ప్రాక్సీ అంటారు. ఎంజినెక్సో అపాచీయో 80, 443 పట్టుకుంటుంది. వెబ్‌మెయిల్, అప్లికేషన్ రెండూ 127.0.0.1 అనే లోపలి అడ్రస్‌పై వేర్వేరు పోర్టులకు తగ్గుతాయి. బయటివాళ్లకు అవి కనిపించవు. మెయిల్‌కు ఒక పేరు, అప్లికేషన్‌కు ఒక పేరు పెట్టి, పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌లో రెండింటినీ ఒకే ఐపీ అడ్రస్ వైపు చూపిస్తారు. వచ్చినవాడు ఏ పేరు పలికాడో చూసి మధ్యవర్తి లోపలికి పంపుతుంది. జింబ్రా ఉన్నచోట దాని సొంత ప్రాక్సీని వేరే పోర్టుకు జరిపి కొత్త మధ్యవర్తిని దాని ముందు పెట్టాలి. ఆ మార్పును జింబ్రా సొంత ఆదేశాలతోనే చేయడం మంచిది. ఫైళ్లను చేత్తో దిద్దితే అది మళ్లీ లేచినప్పుడు వాటిని తిరగరాస్తుంది.

ఈ పద్ధతి మొదటినుంచీ సాధ్యమైనది కాదు. తొలినాటి వెబ్‌లో బ్రౌజర్ ఏ పేజీ కావాలో చెప్పేది కానీ ఏ సైటు కావాలో చెప్పాలన్న నియమం లేదు. చోటుకు వచ్చాడంటే ఆ చోటివాడే కావాలన్నట్టు లెక్క. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం హోస్ట్ పేరు చెప్పడం తప్పనిసరి చేసింది. రహస్య లిపిలో సాగే 443పై మాత్రం చిక్కు మిగిలింది: పేరు వినాలంటే సర్వర్ ముందు తానెవరో రుజువు చేసే సర్టిఫికెట్ చూపాలి, ఏ సర్టిఫికెట్ చూపాలో తెలియాలంటే పేరు వినాలి. తార్కికులు అన్యోన్యాశ్రయం అనే దోషం సరిగ్గా ఇదే. 2003లో ఎస్ఎన్ఐ అనే పొడిగింపు దీన్ని విడదీసింది. బ్రౌజర్ మొదటి పలకరింపులోనే పేరు చెబుతుంది. కానీ ఆ పేరు దారిలో వినేవాళ్లకు కూడా వినపడుతుంది. ఎవరు ఏ సైటుకు వెళుతున్నారో తెలిసిపోవడం చిన్న నష్టం కాదు, అందుకే దాన్ని కప్పే ప్రయత్నాలు ఆ తర్వాత సాగాయి.

మధ్యవర్తికీ మూల్యం ఉంది. సర్టిఫికెట్ దాని చేతిలో ఉంటుంది కాబట్టి రహస్య లిపి దాని దగ్గరే విడిపోతుంది. ఉత్తరాలు, పాస్‌వర్డులు అన్నీ దాని కళ్లముందు నుంచే వెళతాయి. అది ఆగితే రెండు సేవలూ ఆగుతాయి. పైగా లోపలివాళ్లకు వచ్చినవాళ్లందరూ ఒకే మనిషిలా, మధ్యవర్తిలా, కనిపిస్తారు. తప్పు పాస్‌వర్డుతో దాడిచేసేవాణ్ణి అడ్డుకునే రక్షణ మధ్యవర్తినే దొంగ అనుకుని మెయిల్ మొత్తాన్ని మూసేయగలదు. అందుకని అసలు వచ్చినవాడి అడ్రస్‌ను ఒక అదనపు శీర్షికలో రాసి పంపాలి, లోపలివాళ్లు ఆ శీర్షికను ఈ మధ్యవర్తి చెప్పినప్పుడే నమ్మాలి, ఇంకెవరు చెప్పినా నమ్మకూడదు. ప్రత్యక్షం లేనప్పుడు ఆప్తుడి మాట కూడా ప్రమాణమేనని న్యాయదర్శనం చెప్పింది. ఎవరు ఆప్తుడో ముందే నిర్ణయించుకోవడం అక్కడా ఇక్కడా తప్పని పని.

ఉత్తరాల వైపు ఈ తగువు ఇంత ముదరలేదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎమ్‌టీపీ ప్రమాణంలోనే ప్రతి ఉత్తరంతోపాటు అది ఎవరికి చేరాలో డొమైన్‌తో సహా చెప్పాలి. అందువల్ల 25వ పోర్టుపై ఒక్క సర్వర్ ఎన్ని సంస్థల ఉత్తరాలైనా పుచ్చుకోగలదు. ఉత్తరాలు చదువుకునే 993వ పోర్టుపై జింబ్రా ప్రాక్సీ లాగిన్ పేరు విని, ఆ మనిషి పెట్టె ఏ సర్వర్‌లో ఉందో వెతికి అక్కడికి కలుపుతుంది. వెబ్‌మెయిల్ పక్కన కొత్త వెబ్ అప్లికేషన్ పెట్టేటప్పుడు ఈ పోర్టులను కదపాల్సిన అవసరం రాదు; మధ్యవర్తి ముందుకు రావలసింది 80, 443 దగ్గర మాత్రమే.