పేరు లేక చచ్చిన జీవి



దేవుడు జంతువులను ప్రాణముతోనే ఆదామునొద్దకు రప్పించగా అతడు వాటికి పేరులు పెట్టెనని ఆదికాండము 2వ అధ్యాయములో చదువుచున్నాము. శ్రీలంక ద్వీపములో 2009వ సంవత్సరమున వేరొక రీతిగా జరిగినది. ఉత్తరమున మాంకుళం గ్రామస్థులు ఒక గొప్ప సాలెపురుగును చంపి, దాని కళేబరమును పరిశోధకులకు అప్పగించిరి. కాళ్లు చాపినచో దాదాపు 8 అంగుళములు! తరువాత వెదకగా సజీవమైనవియు దొరికెను. అది క్రొత్త జాతియని 2012లో ప్రకటించి, వెదకుటలో త్రోవ చూపిన పోలీసు అధికారి పేరు దానికి పెట్టిరి.

ఆ గ్రామస్థులను మేము నిందింపము. పసిబిడ్డ పండుకొన్న యింట అటువంటిది ప్రాకినచో ఏ తల్లి ఊరకుండును? ఆ కుటుంబపు సాలెపురుగుల కాటు మిక్కిలి బాధించును; అయితే మనుష్యులు దానిచేత మరణించినట్లు రుజువు లేదు. అది యింటికేల వచ్చెనో కూడ అడుగవలెను గదా. దాని నివాసము ముదురు చెట్ల తొర్రలు. ఆ చెట్లను నరికివేయగా పాత కట్టడములలో దూరుచున్నది. దాని యిల్లు మనుష్యుడు తీసికొని, తన యింట కనబడెనని దానిని చంపుట ఏలుబడి యనిపించుకొనునా? భూజంతువులను ఏలుడని దేవుడు సెలవిచ్చిన మాట నిజమే. కాని ఏలువాడు తన భయమునుబట్టియే తీర్పు తీర్చవచ్చునా?

ఇది పరదేశపు సంగతి మాత్రమే కాదు. దీని దాయాదియైన నీలివన్నె సాలెపురుగు మన గుత్తి రైల్వే కలపదొడ్డిలో దొరకగా, 1899లో శాస్త్రజ్ఞులు దానిని వర్ణించిరి. మరల 2001లోగాని, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో, వారి కంటబడలేదు. ఆ ప్రక్క కట్టెలకు పోవువారు మన సంఘములలోను కలరు.