కోచ్ చేతిలో మన అమానత్

తెలంగాణలో కుస్తీ, కసరత్తు నేర్పే చోటును తాలింఖానా అంటారు. 'తాలీం' అరబీ పదం. విద్య నేర్పడం అని దాని అర్థం. మదర్సాలో ఖుర్ఆన్ నేర్పేవారు మనకు ఉస్తాద్. అఖాడాలో పట్లు నేర్పేవారు కూడా ఉస్తాదే. మన పెద్దలు ఆటకూ విద్యకూ మధ్య గోడ కట్టలేదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణం సాధించిపెట్టిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ కూడా ఉపాధ్యాయుడే.

నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో సాయంత్రం కాగానే మన పిల్లలు మైదానాలకు వెళుతున్నారు. వారికి ఆట నేర్పే కోచ్ వారి నడవడికకు కూడా బాధ్యుడా? "గెలిపించడం మా పని, బుద్ధులు నేర్పడం తల్లిదండ్రుల పని" అనేవారున్నారు. ఈ మాట సరైనదేనా?

మనలో ప్రతి ఒక్కరూ సంరక్షకులేననీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ సమాధానం చెప్పుకోవలసి ఉంటుందనీ దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). తండ్రి మాట పెడచెవిన పెట్టే కుర్రవాడు కూడా కోచ్ మాట జవదాటడు. ఎవరి మాటకు అంత బలముందో వారి బాధ్యత కూడా అంతే పెద్దది.

ఒక ఉదాహరణ చూద్దాం. పదహారేళ్ళ కుర్రవాణ్ణి తప్పుడు జనన పత్రంతో అండర్-14 జట్టులో ఆడిస్తే కప్పు రావచ్చు. కాని ఆ రోజు ఆ పిల్లవాడు నేర్చుకున్నది ఆట కాదు, అబద్ధంతో గెలవవచ్చనే పాఠం. అదే సమయంలో నిజంగా పద్నాలుగేళ్ళలోపు వయసున్న మరో పిల్లవాడి హక్కు పోయింది. పరలోకంలో ఆ కప్పు ఎవరికి సాక్ష్యమవుతుంది?

ఓటమి కూడా పాఠమే. దైవప్రవక్త (స) వారి ఒంటె 'అద్బా'ను ఏ ఒంటే మించేది కాదు. ఒకసారి ఓ పల్లెవాసి తన లేత ఒంటెపై వచ్చి దానిని దాటిపోయాడు. సహాబాలు బాధపడ్డారు. ప్రపంచంలో ఏది పైకి లేచినా దానిని దించడం అల్లాహ్ విధానమని ఆయన వారికి తెలియజేశారు (బుఖారీ). సాకులు వెతకలేదు, గెలిచినవాణ్ణి చిన్నబుచ్చలేదు. ఓడిన జట్టుతో కోచ్ మాట్లాడవలసిన తీరు ఇదే.

ఇక పక్షపాతం. విలువిద్య పోటీలో ప్రవక్త (స) ఒక పక్షాన నిలిచేసరికి రెండో పక్షం వారు బాణాలు వేయడం మానేశారు. అప్పుడు ఆయన తాను అందరి పక్షాన ఉన్నానని చెప్పి వారి మనసు నిలిపారు (బుఖారీ). జట్టులో చోటు దొరకని పిల్లవాడు కూడా కోచ్‌కు అమానతే.

ఈ మాటకు మన చెంతనే నిదర్శనముంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలోని పేద కూలీల బిడ్డ జీవంజి దీప్తి. మానసిక ఎదుగుదల లోపం వల్ల ఊళ్ళో ఎగతాళికి గురైన అమ్మాయి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గమనించారు. కోచ్ నాగపురి రమేష్ ఆమెకు శిక్షణనిచ్చారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. పతకం రాకపోయినా, నలుగురూ నవ్విన బిడ్డను మనిషిగా చూసిన ఆ గురువుల శ్రమ వృథా అయ్యేది కాదు.

తల్లిదండ్రులారా! కోచ్ ఏ మతస్థుడైనా సరే, ఒకసారి వెళ్ళి కలవండి. అస్ర్ నమాజుకు పది నిమిషాల వెసులుబాటు మర్యాదగా అడగండి. బిడ్డ ఇంటికి రాగానే "గెలిచావా?" అని మాత్రమే అడగకండి. "ఎవరినైనా తిట్టావా? పడిపోయినవాడికి చేయందించావా? నమాజు చేశావా?" అని కూడా అడగండి. మనం దేన్ని అడుగుతామో పిల్లలు దానినే విలువైనదిగా భావిస్తారు.

అల్లాహ్ మన పిల్లల శరీరాలకు బలాన్ని, హృదయాలకు వినయాన్ని, వారికి నేర్పేవారికి అమానత్‌ను నిలబెట్టుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.